జెనీవాలో ఒక్కో దేశానికి ఒక్క నిమిషం: మానవ హక్కుల సమీక్షలో నా అనుభవం

ఒక దేశం తన ప్రజల హక్కుల్ని ఎంతవరకు కాపాడుతోందో మిగతా దేశాలన్నీ ఎదురుగా కూర్చుని అడిగే ఏర్పాటు ఒకటుంది. ఐక్యరాజ్య సమితిలో సభ్యత్వమున్న ప్రతి దేశానికీ ఇది వంతులవారీగా జరుగుతుంది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా అదేదో విదేశాంగ శాఖ వ్యవహారమని వదిలేస్తారు. కస్టడీ మరణాల కేసులు చూసే వకీలుగా నేను 2022లో మన దేశానికి జరిగిన నాలుగో సమీక్షకు నివేదిక పంపిన బృందంలో పనిచేశాను. నివేదిక రాయడం, ఎంబసీల చుట్టూ తిరగడం, జెనీవా సభను చూడటం, ఆ తర్వాత మన ప్రభుత్వం ఒప్పుకున్న మాటల్ని పట్టుకుని ఇక్కడ అర్జీలు పెట్టడం, ఇవన్నీ ఎలా సాగాయో చెబుతాను. మళ్ళీ మన వంతు దగ్గరపడుతోంది. ఈసారి రాసేవాళ్ళు ఎక్కువమంది ఉండాలన్నది నా కోరిక.

దీని పూర్తి పేరు సార్వత్రిక ఆవర్తన సమీక్ష. ఇందులో పనిచేసేవాళ్ళంతా యూపీఆర్ అనే అంటారు. 2006 మార్చి 15న ఐరాస సర్వప్రతినిధి సభ 60/251 తీర్మానం చేసి, పాత మానవ హక్కుల కమిషన్ స్థానంలో 47 సభ్యదేశాల మానవ హక్కుల మండలిని ఏర్పాటు చేసింది. పాత కమిషన్ మీద ఉన్న పెద్ద ఫిర్యాదు, కొన్ని దేశాలనే వేలెత్తి చూపి కొన్నిటిని చూసీ చూడనట్టు వదిలేస్తుందని. ఆ మాట పడకుండా కొత్త మండలికి ఈ బాధ్యత అప్పగించారు: 193 దేశాలు, అందరికీ ఒకే పద్ధతి, ఎవరికీ మినహాయింపు లేదు. ఏడాదికి మూడు సమావేశాలు, ఒక్కో సమావేశంలో 14 దేశాలు. ఒక విడత పూర్తయ్యేసరికి నాలుగున్నరేళ్ళు దాటుతుంది.

మన దేశం ఎప్పుడూ మొదటి బ్యాచ్‌లోనే ఉంటుంది. 2008 ఏప్రిల్‌లో మొట్టమొదటి సమావేశం జరిగినప్పుడు ఇండియా పేరు ఆ జాబితాలో ఉంది. అదే వరుస కొనసాగుతుంది కాబట్టి 2012 మే, 2017 మే, 2022 నవంబరు, ప్రతిసారీ విడత మొదలవగానే మన వంతు వచ్చింది. దీనివల్ల ఒక చిక్కుంది. మిగతా దేశాల్లో ఎలా జరిగిందో చూసి నేర్చుకునే తీరిక మనకు ఉండదు. ముందునుంచే సిద్ధంగా ఉండాలి.

సమీక్షకు మూడు పత్రాలు ఆధారం. ఒకటి ప్రభుత్వం ఇచ్చే జాతీయ నివేదిక. రెండోది ఐరాస సంస్థల దగ్గర ఆ దేశం గురించి ఉన్న సమాచారాన్ని మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం కూర్చి ఇచ్చేది. మూడోది మనలాంటివాళ్ళం, అంటే సంఘాలు, జాతీయ మానవ హక్కుల కమిషన్, పరిశోధకులు, లాయర్లు పంపేవాటి సారాంశం. ఈ మూడోదానికి నివేదిక పంపడానికి ఐరాస గుర్తింపు ఏమీ అక్కర్లేదు. రిజిస్టరయిన పెద్ద సంస్థ కానక్కర్లేదు. హైకమిషనర్ కార్యాలయం వెబ్‌సైటులో ఖాతా తెరిచి, గడువులోగా, ఐరాస అధికార భాషల్లో ఒకదానిలో ఫైలు ఎక్కిస్తే చాలు. గడువు మాత్రం సభకు నెలల ముందే ముగుస్తుంది. నవంబరు సభకు మేము ఎండాకాలం ముదరకముందే రాత ముగించాల్సి వచ్చింది.

నిడివి మీద కచ్చితమైన పరిమితి ఉంది. ఒక సంస్థ విడిగా పంపితే 2,815 పదాలు. కొన్ని సంస్థలు కలిసి పంపితే 5,630. ఫుట్‌నోట్లు ఇందులో లెక్కకు రావు. వేర్వేరు రాష్ట్రాల్లో లాకప్ మరణాల మీద పనిచేసే కొన్ని చిన్న బృందాలం కలిసి ఉమ్మడిగా పంపాలనుకున్నాం. పదాల లెక్క కన్నా దీనికి వేరే కారణం పెద్దది. పంపినవాళ్ళ పేరుతో సహా నివేదిక అందరికీ కనబడేలా ఐరాస వెబ్‌సైటులో ఉంటుంది. పేరు లేకుండా పంపితే తీసుకోరు. విదేశీ విరాళాల లైసెన్సు మీద ఆధారపడిన ఒకటి రెండు సంఘాలు తమ పేరు పైకి రావడానికి జంకాయి. వాళ్ళను తప్పుపట్టలేను. వాళ్ళ దగ్గరున్న కాగితాలు మాకిచ్చారు, సంతకం మేము పెట్టాం.

పేరు బయటికి రావడమన్నది సంఘాల కన్నా కుటుంబాలకు ఎక్కువ భయం కలిగించే సంగతి. ప్రతి కేసుకూ ఆ ఇంటివాళ్ళను మళ్ళీ కలిసి, ఈ కాగితం ఎక్కడికి వెళ్తుందో, ఎవరెవరు చదవగలరో చెప్పి, అప్పుడే అనుమతి అడగాలని మొదటే గట్టిగా అనుకున్నాం. కొడుకు స్టేషన్‌లో చనిపోయిన ఒక తల్లి నేను చెప్పిందంతా విని అడిగిన మొదటి మాట:

"ఇది పంపితే మా వాడి కేసు కదులుతుందా సారూ?"

"కదలదమ్మా. అక్కడ కేసులు తేల్చరు. దేశం మొత్తంగా ఏం చేస్తోందో అడుగుతారు."

"మరి నాకేంటి?"

"నీకు విచారణ రిపోర్టు ఇవ్వలేదు కదా. అలా ఎవరికీ ఇవ్వకుండా ఆపడం కుదరదని వేరే దేశాల చేత మన సర్కారుని అడిగిద్దామని."

ఆమె చాలాసేపు ఆలోచించింది. పక్కనున్న కూతురితో ఏదో మాట్లాడింది. చివరికి, "పేరు వద్దు. ఊరు వద్దు. తేదీ కూడా వద్దు. రిపోర్టు ఇయ్యలేదని మాత్రం రాయండి. ఆర్డీఓ ఆఫీసుకి తిరిగి తిరిగి నా కాళ్ళు అరిగిపోయినయ్యని రాయండి," అంది. అలాగే రాశాం. ఊరూ పేరూ లేకుండా ఒక పేరా.

ఆ పేరా మా నివేదికకు దారి చూపింది. అప్పటిదాకా మా ముసాయిదాలో అన్నీ ఉన్నాయి: అరెస్టుల తీరు, థర్డ్ డిగ్రీ, ఎదురుకాల్పులు, జైళ్ళ రద్దీ, విచారణ ఖైదీలు, పరిహారం. ప్రతిదీ ముఖ్యమే, ప్రతిదాని మీదా మా దగ్గర కాగితాలున్నాయి. కానీ ఇన్ని చెబితే వినేవాడికి ఏం చేయాలో తెలియదు. ఆ తల్లి మూడు మాటల్లో అడిగింది. మేమూ మూడు అడుగుదామని తేల్చుకున్నాం.

మొదటిది చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికను మన దేశం ధ్రువీకరించాలి. ఐరాస 1984లో తెచ్చిన ఈ ఒడంబడిక మీద భారత్ 1997 అక్టోబరు 14న సంతకం చేసింది. సంతకం అంటే ఉద్దేశం ప్రకటించడం. కట్టుబడటం ధ్రువీకరణతోనే మొదలవుతుంది. అది ఇప్పటికీ జరగలేదు. ధ్రువీకరణకు ముందు దేశంలో చట్టం కావాలన్న ఆలోచనతో 2010లో చిత్రహింసల నిరోధక బిల్లు తెచ్చారు. అది ఆ మే నెలలో లోక్‌సభలో గట్టెక్కింది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీ దాన్ని ఇంకా బలపరిచి ఇచ్చింది. తర్వాత ఎవరూ పట్టించుకోలేదు, 2014లో లోక్‌సభ రద్దుతో బిల్లూ పోయింది. 2017 అక్టోబరులో లా కమిషన్ తన 273వ నివేదికలో ధ్రువీకరించమని సిఫారసు చేసి, కొత్త బిల్లు ముసాయిదా కూడా రాసిచ్చింది. అదీ అక్కడే ఉంది.

రెండోది ఆ తల్లి అడిగింది. 2005 సవరణతో నేర విచారణ స్మృతిలో 176(1ఎ) చేర్చారు. కస్టడీలో మరణం, అత్యాచారం, అదృశ్యం జరిగితే జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ విచారణ జరపాలి. ఆ స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇప్పుడు 196వ సెక్షన్ కింద అదే ఉంది. మా దగ్గరికొచ్చిన కేసుల్లో చాలావాటికి విచారణ చేసింది రెవెన్యూ అధికారులు. రిపోర్టు కాపీ ఇంటివాళ్ళ చేతికి రాలేదు. కాబట్టి విచారణ న్యాయాధికారే చేయాలి, రిపోర్టు కుటుంబానికి ఇవ్వాలి అని రాశాం.

మూడోది సీసీ కెమెరాలు. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషన్‌లో, లాకప్‌తో సహా, ధ్వని కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని, ఫుటేజీ నెలల తరబడి భద్రపరచాలని ఆదేశించింది. దాన్ని అమలు చేస్తున్నారా, సరిగ్గా మనిషి చనిపోయిన రాత్రే కెమెరా ఎందుకు పనిచేయదు అన్నది మా ప్రశ్న.

రాత ముగించి పంపాక కొన్ని నెలలకు హైకమిషనర్ కార్యాలయం తయారుచేసిన సారాంశం వచ్చింది. దేశం నలుమూలల నుంచీ, విదేశాల నుంచీ వచ్చిన నివేదికలన్నిటినీ పదిపేజీలకు కుదించిన పత్రం అది. అందులో వాక్యాల్లో సంస్థల పూర్తి పేర్లు కూడా ఉండవు, ఉమ్మడి నివేదికలకు జేఎస్1, జేఎస్2 అని నంబర్లు ఉంటాయి. మా నంబరు వెతుక్కుంటూ వెళ్తే మా రెండు పేజీల వాదన ఒక వాక్యంగా కనిపించింది. బృందంలో కుర్రవాళ్ళు నీరుగారిపోయారు. నాకు మాత్రం ఆ ఒక్క వాక్యం చాలా విలువైనదనిపించింది. ఐరాస పత్రంలో అచ్చయిన వాక్యం. దాన్ని ఏ దేశమైనా చూపించి అడగొచ్చు. అక్కడితో రాత పని అయిపోయింది, అసలు పని అప్పుడు మొదలైంది.

ఎందుకంటే సమీక్ష చేసేది నిపుణులు కాదు, దేశాలు. ఏ దేశం ఏం అడగాలన్నది ఆ దేశమే నిర్ణయించుకుంటుంది. పదిపేజీల సారాంశం అందరికీ వెళ్తుంది కానీ, దౌత్యవేత్త బల్లమీద అలాంటివి ఆ సమావేశానికే 14 దేశాలవి ఉంటాయి. మన మాట అతని కాగితం మీదికి ఎక్కాలంటే మనం వెళ్ళి కలవాలి. యూపీఆర్ ఇన్ఫో అనే సంస్థ జెనీవాలో సభకు ముందు ఇందుకోసమే సమావేశాలు పెడుతుంది. సంఘాలవాళ్ళు అక్కడ దౌత్యవేత్తల ముందు మాట్లాడతారు. మా తరఫున ఒక సహచరి ఆ ప్రయత్నంలో ఉంటే, నేను ఢిల్లీలో ఎంబసీల పని చూశాను.

వెళ్ళేముందు ఒక పని చేశాం. ఆ సంస్థ దగ్గరే అన్ని విడతల సిఫారసులూ, ఏ దేశం ఏ దేశానికి ఏం చెప్పిందో వెతుక్కునే వీలుతో ఉన్నాయి. 2008, 2012, 2017లో చిత్రహింసల ఒడంబడిక గురించి మన దేశాన్ని అడిగినవాళ్ళెవరో జాబితా తీశాం. 2008లోనే బ్రిటన్, ఫ్రాన్స్, మెక్సికో, నైజీరియా, ఇటలీ, స్విట్జర్లాండ్, స్వీడన్ అడిగాయి. అంటే ఆ దేశాలకు అప్పటికే ఆసక్తి ఉంది. పాత మాటే మళ్ళీ అడగమని చెప్పడం తేలిక. రెండో, మూడో కోరికలు కొత్తవి కాబట్టి వాటికి వేరే దేశాలను చూసుకున్నాం. పోలీసు సంస్కరణల్లో సొంత అనుభవమున్నవాళ్ళు, తమ దగ్గరే లాకప్ మరణాల మీద గొడవలు జరిగి చట్టం మార్చుకున్నవాళ్ళు. ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలను వదిలేయకూడదన్నది నా పట్టుదల. పశ్చిమ దేశాలు మాత్రమే అడిగితే ఇక్కడ దాన్ని పెద్దన్న పాఠంలా తీసిపారేస్తారు. మనలాగే వలస పాలన చూసిన దేశం అడిగితే ఆ మాట పక్కకు నెట్టడం అంత సులువు కాదు.

కలిసినవాళ్ళందరూ ఒకేలా లేరు. కొందరు మర్యాదగా విని కాగితం తీసుకున్నారు, అంతే. ఒక ఎంబసీలో యువ కార్యదర్శి ఒకామె మాత్రం మా పేజీ మొత్తం చదివి, పెన్ను తీసి ఒక వాక్యం కింద గీత గీసింది. "మాకు అక్కడ దక్కేది ఒక నిమిషం. పలకరింపులకు, ప్రగతిని గుర్తిస్తున్నామనే మాటకు కొంత పోతుంది. మిగిలినదాంట్లో రెండో మూడో సిఫారసులు చదవాలి. ఈ వాక్యం చదవగలను. ఇది మాత్రం," అని పైనున్న పేరా చూపించి, "చదవలేను" అంది. ఆమె గీత గీసింది కుటుంబానికి రిపోర్టు ఇవ్వాలన్న వాక్యం కింద. ఆ సాయంత్రం మా కాగితమంతా తిరగరాశాం. ఒక్కో కోరిక ఒక్కో వాక్యం. ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఏ సెక్షన్ ప్రకారం చేయాలి. గట్టిగా చదివి, గడియారం పెట్టుకుని చూసుకున్నాం.

2022 నవంబరు 10. సభ జెనీవాలోని పాలే దె నాసియోఁ భవనంలో. ఐరాస గుర్తింపున్న సంస్థలవాళ్ళు వెనక కూర్చోవచ్చు కానీ నోరు విప్పకూడదు. నేను, మా బృందంలో మరికొందరం ఐరాస వెబ్ టీవీ ప్రసారంలో చూశాం. మన ప్రతినిధి బృందానికి సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా నాయకత్వం వహించారు. లాటరీ తీసి ఎంచిన మూడు దేశాలు, ఈసారి నేపాల్, నెదర్లాండ్స్, సూడాన్, ఆ సభ నివేదిక కూర్చడంలో సాయం చేస్తాయి.

సభ మొత్తం మూడున్నర గంటలు. అందులో 70 నిమిషాలు మన ప్రభుత్వానివి, 140 నిమిషాలు మిగతా దేశాలవి. ఆ రోజు మాట్లాడటానికి 130 దేశాలు పేరిచ్చాయి. లెక్క మీరే వేసుకోండి: ఒక్కొక్కరికి నిమిషం దాటి నాలుగైదు సెకన్లు. గడువు ముగియగానే మైకు ఆగిపోతుంది. అక్షరక్రమంలో దేశాలు వరుసగా వస్తుంటాయి. వేగంగా చదువుతారు, చాలామంది ఊపిరి తీసుకోకుండా చదువుతారు. మొదటిసారి చూసేవాళ్ళకు ఇదేం సమీక్ష అనిపిస్తుంది. పక్కన కూర్చున్న మా జూనియర్ అదే అన్నాడు: "ఇంతేనా అన్నా?"

ఇంతే కాదు. చిత్రహింసల ఒడంబడిక మాట ఒక దేశం తర్వాత ఒక దేశం నోట వస్తూంటే వినాలి. ఒక్కో నిమిషం చిన్నదే. కానీ ఖండం ఖండం నుంచి అదే మాట వస్తుంటే, పదిహేనేళ్ళుగా అడుగుతూనే ఉన్న మాట అది అని తెలుస్తుంటే, ఆ గదిలో దాని బరువు వేరుగా ఉంటుంది. 2017లో ఇదే సభలో మన అప్పటి అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ చిత్రహింస అనేది మన సంస్కృతికే పరాయిదని, పాలనలో దానికి చోటు లేదని చెప్పారు. అలాంటి మాట ప్రపంచం ముందు చెప్పాక దాన్ని నిలబెట్టుకోమని అడిగే హక్కు ఇక్కడి పౌరుడికి వస్తుంది. నాకు ఈ ప్రక్రియ మీద గౌరవం కలిగింది అందుకే. దౌత్య మర్యాదల మధ్య చెప్పినా అది రికార్డయిన మాట.

అన్ని సిఫారసులూ ఒక రకం కాదు. స్నేహంగా ఉండే దేశాలు మన పథకాలను మెచ్చుకుని, ఇలాగే ముందుకు సాగండి అని కూర్చుంటాయి. అలాంటి సిఫారసును ఏ ప్రభుత్వమైనా వెంటనే ఒప్పుకుంటుంది, ఎందుకంటే కొత్తగా చేయాల్సింది ఏమీ లేదు. ఇంకొన్ని దేశాలు పరిశీలించమంటాయి. పరిశీలిస్తున్నామని ఐదేళ్ళు చెప్పొచ్చు. ఫలానా సెక్షన్ అమలు చేయండి, ఫలానా ఒడంబడిక ధ్రువీకరించండి అన్నవి తక్కువ, మనకు పనికొచ్చేవి అవే. కాబట్టి అంకెలు చూసి మురిసిపోవడానికి లేదు, కుంగిపోవడానికీ లేదు. 2008లో మనకు 18 సిఫారసులు వచ్చాయి. 2012లో 169, 2017లో 250, 2022లో 339. సిఫారసులు పెరిగాయంటే పరిస్థితి అంత దిగజారిందనుకోకూడదు. మాట్లాడే దేశాలు పెరిగాయి, ఒక్కొక్కరు చెప్పేవీ పెరిగాయి.

సమీక్ష జరిగిన దేశం సిఫారసులను తిరస్కరించానని అధికారికంగా అనదు. ఒప్పుకుంటున్నానని చెబుతుంది, లేదా నమోదు చేసుకున్నానని చెబుతుంది. ఈ జవాబు మండలి తర్వాతి సమావేశానికల్లా రాతపూర్వకంగా ఇవ్వాలి. 2023 మార్చిలో మన జవాబు వచ్చింది: 339లో 221 ఒప్పుకున్నారు, 118 నమోదు చేసుకున్నారు. ఆ సమావేశంలో ఫలితాన్ని ఆమోదించేటప్పుడు పది పౌర సంస్థలకు రెండేసి నిమిషాల లోపు మాట్లాడే అవకాశం ఉంటుంది. ఐరాస గుర్తింపున్న సంస్థలకే ఆ వీలు. మొత్తం ప్రక్రియలో బాధితుల పక్షం నేరుగా గొంతెత్తగలిగేది అక్కడే. అది మరీ తక్కువని నా అభిప్రాయం. ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్ళ మాట వినడానికి గంటల సభలో ఇరవై నిమిషాలేనా?

ఒప్పుకున్న 221నీ ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఏ మంత్రిత్వ శాఖకు ఏది వర్తిస్తుందో విడదీశాం. పోలీసులకు సంబంధించినవాటిని తెలుగులోకి మార్చి బార్ అసోసియేషన్లకు, న్యాయ సేవాధికార సంస్థల్లో తెలిసినవాళ్ళకు పంపాం. తర్వాత సమాచార హక్కు దరఖాస్తులు. మీరు ప్రపంచం ముందు ఒప్పుకున్న ఫలానా నంబరు సిఫారసు అమలుకు ఏ శాఖ బాధ్యత, ఏం చర్య తీసుకున్నారు, ఎప్పటికి పూర్తి చేస్తారు అని అడిగాం. ఒక శాఖ ఆ చట్టంలోని 6(3) సెక్షన్ కింద ఇంకో శాఖకు బదిలీ చేసింది. ఆ శాఖ రాష్ట్రానికి పంపింది, శాంతిభద్రతలు రాష్ట్రాల పరిధిలోవని. రాష్ట్రం నుంచి అలాంటి సిఫారసు తమకు అందలేదని జవాబొచ్చింది. ఆ జవాబు చదివినప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజం. కేంద్రం జెనీవా వెళ్ళి ఒప్పుకుని వస్తుంది, చేయాల్సిన స్టేషన్‌కు ఆ మాటే చేరదు. ఈ ఖాళీని పూడ్చే వ్యవస్థ మన దగ్గర లేదు. కొన్ని దేశాలు సిఫారసుల అమలు చూడటానికే శాశ్వత విభాగాలు పెట్టుకున్నాయి. మనకూ కావాలి, కేంద్రంలో ఒకటి ఉంటే చాలదు, ప్రతి రాష్ట్రంలో ఉండాలి.

అయినా ఆ జవాబు వృథా కాలేదు. తమకు అందలేదని రాష్ట్రం రాసిచ్చిన కాగితాన్నే ఒక కస్టడీ మరణం కేసులో పిటిషన్‌కు జతచేశాం. సిఫారసు కోర్టును కట్టిపడేయదు. కానీ విచారణ రిపోర్టు కుటుంబానికి ఎందుకివ్వరు అని జడ్జి అడిగినప్పుడు ప్రభుత్వ న్యాయవాది దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది. కాపీ ఇప్పించారు. అది ఆ తల్లి కేసు కాదు, ఇంకొకరిది. ఆమెకు ఇంకా రాలేదు.

దీనికి కోరలు లేవు కదా అని అడుగుతారు. లేవు. శిక్ష లేదు, జరిమానా లేదు. రావడం కూడా చివరికి ఆ దేశం ఇష్టమే అని తేలిపోయింది. 2013 జనవరిలో ఇజ్రాయెల్ రాలేదు. మండలి ఎదురుచూసి, ఆ అక్టోబరులో సమీక్ష జరిపింది. 2025 నవంబరులో అమెరికా రాలేదు. పెద్ద దేశం గైర్హాజరైతే రేపు చిన్న దేశాలు కూడా అదే దారి పట్టొచ్చన్న భయం ఇందులో పనిచేసే అందరికీ ఉంది, నాకూ ఉంది. అందరూ వస్తారన్నదే దీని బలం. ఆ బలం పోతే మళ్ళీ పాత కమిషన్ రోజులే. మన దేశం ఇప్పటిదాకా ప్రతిసారీ వచ్చింది, పెద్ద బృందాన్నే పంపింది. దాన్ని గుర్తించాలి, అలాగే కొనసాగాలని పట్టుబట్టాలి.

లోతుగా అడిగే చోటు వేరే ఉంది. ఒప్పందాల వారీగా నిపుణుల కమిటీలు ఉంటాయి. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. దాని అమలు చూసే 18 మంది నిపుణుల మానవ హక్కుల కమిటీ 1997 తర్వాత మళ్ళీ 2024 జులైలోనే మనల్ని సమీక్షించింది. మధ్యలో ఇరవై ఏడేళ్ళు. అక్కడ నిపుణులు చట్టంలో సెక్షన్ పట్టుకుని అడుగుతారు, జవాబు చాలకపోతే మళ్ళీ అడుగుతారు. నిమిషం గోల లేదు. చిత్రహింసల ఒడంబడికకూ అలాంటి కమిటీ ఉంది. మనం ధ్రువీకరించలేదు కాబట్టి ఆ కమిటీకి మనల్ని పిలిచే వీలు లేదు. మొదటి కోరిక ధ్రువీకరణే ఎందుకయిందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. ఆ ఒక్కటి జరిగితే లాకప్‌ల సంగతి నిపుణుల ముందు క్రమం తప్పకుండా వివరంగా చెప్పుకోవాల్సి వస్తుంది. అంతవరకూ యూపీఆర్ నిమిషాలే మనకున్న దారి.

ఐదో విడతలోనూ వరుస మారకపోతే మన దేశం మొదటి బ్యాచ్‌లోనే ఉంటుంది. రాయాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది: కేసు కాగితాలు ఇప్పుడే సేకరించండి. పోస్టుమార్టం, ఎఫ్‌ఐఆర్, విచారణకు ఎవరు వచ్చారో, రిపోర్టు అడిగిన అర్జీ, దానికొచ్చిన జవాబు. జవాబు రాకపోతే అర్జీ అందినట్టున్న రసీదు. గడువు దగ్గరపడ్డాక ఇవి దొరకవు. గతసారి ప్రభుత్వం ఒప్పుకున్న సిఫారసు నంబరు వేసి, దాని కిందే మీ కేసు పెట్టండి. కొత్త విమర్శ కన్నా ఇచ్చిన మాట గుర్తుచేయడం బలంగా పనిచేస్తుంది. ఇంటివాళ్ళను అడగకుండా ఒక్క వివరం కూడా రాయకండి. ఐరాస సిబ్బందితో సహకరించినందుకు వేధింపులు ఎదురైతే దాన్ని నమోదు చేసే ఏర్పాటు సమితిలో ఉంది, కానీ అది వేధింపు జరిగాక పనికొచ్చేది. జాగ్రత్త ముందే ఉండాలి.

మా బృందం ఈసారి సీసీ కెమెరాల మీద ఎక్కువ పనిచేస్తోంది. స్టేషన్ల కెమెరాలు పనిచేయకపోవడం మీద 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనంతట తానే మళ్ళీ కేసు తీసుకుంది. మేము లాకప్ మరణం జరిగిన ప్రతి స్టేషన్ నుంచీ ఆ తేదీ ఫుటేజీ ఉందా లేదా అని సమాచార హక్కు కింద అడుగుతున్నాం. ఉంది అంటే కాపీ అడుగుతాం, లేదు అంటే ఎందుకు లేదో రాసివ్వమంటాం. రెండు రకాల జవాబులూ జిల్లాల వారీగా ఫైలు చేస్తున్నాం. మీ జిల్లాలో ఎవరైనా ఈ దరఖాస్తు పెట్టగలిగితే నమూనా మా దగ్గర తెలుగులోనే ఉంది.